ఇంట్లో ఒకరికి డిప్రెషన్ ఉంటే పిల్లలకూ వస్తుందా?

పెళ్లి సంబంధం కలుపుకునేటప్పుడు అటేడు తరాలు, ఇటేడు తరాలు చూడాలంటారు మన పెద్దలు. ఆ చూడటంలో ఆస్తిపాస్తులు, నడవడికతో పాటు ఇంకో సంగతి కూడా ఉంటుంది. ‘పిల్ల మేనత్తకి కొన్నాళ్లు మనసు బాగోలేదట’, ‘వాళ్లమ్మ ఏవో మాత్రలు వాడుతుందట’ అని ఎవరో చెవిన వేస్తారు. అక్కడితో మాటలు ఆగిపోతాయి. ఆ భయంతోనే చాలా ఇళ్లలో డిప్రెషన్‌కి మందు వాడే ఇల్లాలు మాత్రల షీటును బీరువాలో చీరల మడతల మధ్య దాచుకుంటుంది. సంబంధాల వాళ్ల కంటా పడకూడదు, కన్నపిల్లల కంటా పడకూడదు.

ఆమె డాక్టరుని ఎప్పుడో ఒకసారి, గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఒకటుంది: ‘ఇది నా పిల్లలకూ వస్తుందా?’

జవాబు ముందే చెప్పుకుందాం. వచ్చే అవకాశం ఇతరుల పిల్లల కన్నా కొంత ఎక్కువ. రాకుండా ఉండే అవకాశం దానికన్నా చాలా ఎక్కువ. ఈ రెండు మాటలూ కలిపి వింటేనే నిజం బోధపడుతుంది. మొదటిది ఒక్కటే వింటే భయం పట్టుకుంటుంది, రెండోది ఒక్కటే వింటే అజాగ్రత్త వస్తుంది. ఈ రెండు మాటల వెనక శాస్త్రవేత్తలు 30 ఏళ్లకు పైగా చేసిన శ్రమ ఉంది. ఒక పెద్ద పొరపాటు, దాన్ని దిద్దుకున్న తీరు కూడా ఉన్నాయి.

దిగులు వేరు, జబ్బు వేరు

పరీక్ష తప్పితే దిగులు పడతాం. అయినవాళ్లు పోతే నెలల తరబడి ఏడుస్తాం. అది జబ్బు కాదు, మనిషితనం. డాక్టర్లు మేజర్ డిప్రెషన్ అని పేరు పెట్టాలంటే కొన్ని లక్షణాలు కనీసం 2 వారాల పాటు, దాదాపు రోజంతా, దాదాపు ప్రతిరోజూ ఉండాలి. మనసు కుంగిపోవడం, ఇదివరకు ఇష్టమైన పని మీద కూడా ఆసక్తి చచ్చిపోవడం వీటిలో ముఖ్యమైనవి. వాటికి తోడు నిద్ర, ఆకలి తప్పిపోవడం, ఒళ్లు కదలనంత నీరసం, దేని మీదా మనసు నిలవకపోవడం, ‘నావల్ల ఎవరికీ ఉపయోగం లేదు’ అన్న భావన, చావు గురించిన ఆలోచనలు ఉంటాయి. ఇలాంటి 9 లక్షణాల్లో కనీసం 5 కనిపించాలి.

బెంగళూరులోని నిమ్హాన్స్ 2015–16లో నడిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు 20 మందికి ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దీని బారిన పడ్డవాళ్లే. ఆ లెక్కన ‘మా వైపు అలాంటివేం లేవండీ’ అని నిజాయితీగా చెప్పగలిగే పెద్ద కుటుంబం దొరకడం కష్టం. పేరు పెట్టకపోయి ఉంటారు. ‘నరాల బలహీనత’ అనో, ‘గాలి సోకింది’ అనో సరిపెట్టుకుని ఉంటారు.

కవలలు చెప్పిన లెక్క

ఒక జబ్బు కుటుంబంలో కనిపించినంత మాత్రాన జన్యువుల్లో ఉన్నట్టు కాదు. తల్లి చేతి వంట రుచి కూతురికి వస్తుంది, అది జన్యువుల వల్ల కాదు కదా. ఒకే ఇల్లు, ఒకే ఇబ్బందులు, ఒకే అప్పులు, ఒకే గొడవల మధ్య పెరిగిన పిల్లలకి ఒకే రకమైన కుంగుబాటు రావచ్చు. మరి రక్తం వాటా ఎంతో, ఇంటి వాటా ఎంతో విడదీయడం ఎలా?

దానికి కవలలు సాయపడ్డారు. ఒకే పోలిక కవలల్లో డీఎన్ఏ దాదాపు పూర్తిగా ఒకటే. వేర్వేరు పోలికల కవలల్లో, మామూలు అన్నదమ్ముల్లోలాగే, సగటున సగం కలుస్తుంది. ఏ రకం కవలలనైనా ఒకే ఇంట్లో, ఒకే కాలంలో పెంచుతారు. కాబట్టి ఒకే పోలిక కవలలు కుంగుబాటు విషయంలో కూడా మిగతా కవలల కన్నా ఎక్కువగా ఒకరినొకరు పోలి ఉంటే, ఆ ఎక్కువలో జన్యువుల చెయ్యి ఉన్నట్టు.

ప్యాట్రిక్ సలివన్, మైకేల్ నీల్, కెనెత్ కెండ్లర్ అనే పరిశోధకులు అప్పటిదాకా జరిగిన నాణ్యమైన అధ్యయనాలను 2000లో కలిపి లెక్కకట్టారు. మనిషికీ మనిషికీ మధ్య డిప్రెషన్ విషయంలో కనిపించే తేడాల్లో జన్యువుల వాటా సుమారు 37 శాతం అని తేలింది. డిప్రెషన్ ఉన్నవాళ్ల తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో, పిల్లల్లో అది కనిపించే అవకాశం ఇతరుల కన్నా రెండు నుంచి మూడు రెట్లు ఉంటుందని కూడా ఆ లెక్క చెప్పింది.

మూడు రెట్లు అనగానే గుండె ఝల్లుమంటుంది. కానీ దేనికి మూడు రెట్లో చూడాలి. నూటికి అయిదుగురికి వచ్చేది మూడు రెట్లయితే నూటికి పదిహేనుమంది. తక్కిన 85 మందికి రాదు. స్థూలంగా వేసిన లెక్కే అయినా, ఆ తల్లి అడిగిన ప్రశ్నకి నేను ముందు చెప్పిన రెండు మాటలూ ఇందులోనే ఉన్నాయి.

37 శాతం అంటే ఏమిటి?

‘నా జబ్బులో 37 పాళ్లు అమ్మానాన్నలది, 63 పాళ్లు నాది’ అని దీని అర్థం కాదు. వరి చేలో నిలబడి చూస్తే ఇది తేలిగ్గా తెలుస్తుంది.

ఒకే మడిలో, ఒకే నీరు, ఒకే ఎరువు పెట్టి రకరకాల విత్తనాలు చల్లామనుకోండి. దిగుబడిలో వచ్చే తేడా దాదాపు అంతా విత్తనం వల్లే. అవే విత్తనాలను ఒకటి కాలువ కింద, ఒకటి చవుడు నేలలో, ఒకటి నీరందని మెరకలో వేస్తే తేడాలో నేల వాటా పెరిగిపోతుంది, విత్తనం వాటా తగ్గిపోతుంది. విత్తనం మారలేదు, దాని వాటా మారింది. 37 శాతం కూడా అలాంటిదే. ఒక జనంలో, ఒక కాలంలో, ఆ మనుషుల జీవితాల్లో ఉన్న హెచ్చుతగ్గుల మధ్య తీసిన లెక్క అది. స్వీడన్‌లో కవలల మీద చేసి 2006లో వెలువరించిన పెద్ద అధ్యయనంలో ఆడవాళ్లకి 42 శాతం, మగవాళ్లకి 29 శాతం వచ్చింది. ఒకే దేశంలోనే ఇంత తేడా. అందుకే ఆ అంకెను ఎవరి నుదుటి మీదా రాసి చూపించలేం.

వరి నుంచి ఇంకో పాఠం కూడా ఉంది. బాపట్లలో పుట్టిన బీపీటీ 5204ను, మనం సాంబ మసూరి అని పిలుచుకునే రకాన్ని, బాక్టీరియా ఎండాకు తెగులు పట్టి పీడించేది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ శాస్త్రవేత్తలు, అక్కడి వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కలిసి దానికి మూడంటే మూడు నిరోధక జన్యువులు జోడించి, ఆ తెగులును తట్టుకునే సాంబ మసూరిని తెచ్చారు. తెగులుని తట్టుకునే గుణం కొద్ది జన్యువుల చేతిలో ఉంది కాబట్టి అది సాధ్యమైంది. దిగుబడి అలా కాదు. దాని వెనక లెక్కలేనన్ని జన్యువులు, నేల, నీరు, వాతావరణం, రైతు చెయ్యి అన్నీ ఉంటాయి. ‘దిగుబడి జన్యువు’ అని ఒకదాన్ని వేలు పెట్టి చూపించలేం.

మనుషుల జబ్బుల్లోనూ ఈ రెండు రకాలున్నాయి. తలసేమియా మొదటి రకం. ఒక్క జన్యువులో లోపం, తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తే జబ్బు. రక్తపరీక్షతో ముందే చెప్పొచ్చు. డిప్రెషన్ రెండో రకం. ఈ సంగతి తెలియడానికి శాస్త్రవేత్తలకి చాలా కాలం పట్టింది.

ఒక్క జన్యువు కోసం వేట

మెదడులో నరాల మధ్య కబుర్లు మోసే రసాయనాల్లో సెరటోనిన్ ఒకటి. డిప్రెషన్‌కి వాడే మందుల్లో చాలావరకు దీని మీద పనిచేసేవే. వాడిన సెరటోనిన్‌ని తిరిగి నరకణంలోకి చేరవేసే ప్రొటీన్ ఒకటుంది. దాని జన్యువు ముందుభాగం కొందరిలో పొట్టిగా, కొందరిలో పొడుగ్గా ఉంటుంది. కుంగుబాటు రహస్యం ఇక్కడే ఉండొచ్చని పరిశోధకులకి తోచింది.

న్యూజిలాండ్‌లోని డునెడిన్ పట్టణంలో 1972–73లో పుట్టిన సుమారు వెయ్యిమంది పిల్లల్ని పసితనం నుంచి పరిశోధకులు గమనిస్తూ వస్తున్నారు. వాళ్లలో 847 మంది వివరాలతో అవ్‌షలోమ్ కాస్పి, టెర్రీ మోఫిట్ బృందం 2003లో ‘సైన్స్’ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించింది. నాలుగు లేదా అంతకుమించి పెద్ద కష్టాలు పడి, పొట్టి రూపం కూడా ఉన్నవాళ్లలో 33 శాతం మంది కుంగిపోయారు. అన్నే కష్టాలు పడినా, ఆ జన్యువు రెండు ప్రతుల్లోనూ పొడుగు రూపమే ఉన్నవాళ్లలో 17 శాతమే. కష్టానికి, జన్యువుకి మధ్య ముడి దొరికిందని ప్రపంచమంతా సంబరపడింది. ఈ ఒక్క జన్యువు మీద వందల వ్యాసాలు వచ్చాయి. పాఠ్యపుస్తకాల్లోకీ ఎక్కింది.

తర్వాత లెక్క తప్పడం మొదలైంది. 2009లో 14 అధ్యయనాల్లోని 14,250 మంది వివరాలు కలిపి చూస్తే ఆ ముడి కనబడలేదు. కష్టాలు మనిషిని కుంగదీస్తాయన్నది గట్టిగా నిలబడింది. పొట్టి జన్యువు పాత్ర మాత్రం నిలబడలేదు. 2019లో రిచర్డ్ బోర్డర్ బృందం మరింత పెద్ద పరీక్ష పెట్టింది. డిప్రెషన్ జన్యువులుగా పేరుపడ్డ 18 జన్యువులను లక్షలమంది డీఎన్ఏతో పోల్చింది. కళ్లు మూసుకుని ఏరిన వేరే ఏ జన్యువుల కన్నా ఇవి ఏమంత మెరుగుగా లేవని తేలింది.

ఎక్కడ దారి తప్పారు? అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం. కుండంతా ఒకేలా ఉడుకుతుంది కాబట్టి అది చెల్లుతుంది. మనుషులు అలా ఉండరు. కొన్ని వందలమందిని చూస్తే, కాకతాళీయంగా వచ్చిన తేడా కూడా నిజమైన తేడాలాగే కనిపిస్తుంది. అలా ఏదో కనిపించిన అధ్యయనం అచ్చవుతుంది, ఏమీ కనిపించనిది సొరుగులో ఉండిపోతుంది. తప్పని ఒప్పుకుని, మొదటి నుంచీ మళ్లీ లెక్కపెట్టడం ఏ రంగంలోనైనా కష్టమే. ఈ రంగం ఆ పని చేసినందుకు గౌరవించాలి.

లక్షలమంది చెప్పిన నిజం

కొత్త పద్ధతిలో ముందే ఒక జన్యువుని అనుమానించరు. మన డీఎన్ఏలో ఉన్న 300 కోట్లకు పైగా అక్షరాల్లో మనిషికీ మనిషికీ తేడా వచ్చే లక్షలాది చోట్లను ఒకేసారి పరిశీలిస్తారు. జబ్బు ఉన్నవాళ్లలో ఏ అక్షరం ఎక్కువసార్లు కనిపిస్తోందో లెక్కిస్తారు.

మొదట నిరాశే మిగిలింది. 2013లో 9,240 మంది రోగుల డీఎన్ఏ చూస్తే నమ్మదగ్గ చోటు ఒక్కటి కూడా దొరకలేదు. 2018లో లక్షా 35 వేలమంది రోగులతో చూస్తే 44 చోట్లు దొరికాయి. 2019కి 102 అయ్యాయి. 2025 జనవరిలో ‘సెల్’ పత్రికలో వచ్చిన అధ్యయనంలో 29 దేశాలకు చెందిన 6 లక్షల 88 వేలమంది రోగులు, జబ్బు లేని 43 లక్షలమంది ఉన్నారు. దొరికిన తేడాలు దాదాపు 700.

ఈ 700లో ఏ ఒక్కదాన్ని తీసుకున్నా దాని బలం చాలా తక్కువ. ఒక్కో చినుకు తడపదు, వానగా కురిస్తేనే తడుస్తాం. ముఖ్యమైన సంగతేమిటంటే, ఈ తేడాల్లో చాలావరకు లోకంలో మామూలుగా కనబడేవే. మీలో కొన్ని ఉన్నాయి, నాలో కొన్ని ఉన్నాయి, సంబంధం వద్దని లేచిపోయిన పెద్దమనిషిలోనూ కొన్ని ఉన్నాయి. ‘రోగం ఉన్న వంశం’, ‘లేని వంశం’ అని రెండు గీతలు గీయడానికి జన్యుశాస్త్రంలో చోటు లేదు. ఎత్తులాగే ఇది కూడా అందరిలో ఎంతో కొంత ఉండే కొలత.

కష్టం వచ్చిన నెల

జన్యువుల పక్కన జీవితాన్ని పెట్టి చూసిన అధ్యయనాల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది కెండ్లర్ బృందం 1995లో వెలువరించినది. అమెరికాలోని వర్జీనియాకి చెందిన 2,164 మంది కవల స్త్రీలను తీసుకున్నారు. ఒకే పోలిక కవలల్లో తోడబుట్టినామెకి డిప్రెషన్ ఉంటే ఈమెకి జన్యుపరమైన మొగ్గు బాగా ఎక్కువ అన్నమాట. తోడబుట్టినామెకి లేకపోతే బాగా తక్కువ. అయినవాళ్లు చనిపోవడం, దాడికి గురికావడం, కాపురం చెడిపోవడం లాంటి పెద్ద కష్టం వచ్చిన నెలలో ఎవరు కుంగిపోయారో చూశారు.

పెద్ద కష్టమేదీ లేని నెలలో, మొగ్గు తక్కువున్నవాళ్లకి డిప్రెషన్ మొదలయ్యే అవకాశం 0.5 శాతం, మొగ్గు ఎక్కువున్నవాళ్లకి 1.1 శాతం. పెద్ద కష్టం వచ్చిన నెలలో అవి 6.2, 14.6 శాతానికి పెరిగాయి.

ఈ నాలుగు అంకెల దగ్గర కాసేపు ఆగాలి. జన్యువుల వల్ల ముప్పు రెండింతలకు కాస్త పైగా పెరిగింది. కష్టం వల్ల పన్నెండు, పదమూడు రెట్లు పెరిగింది. జన్యువులు ఎంత అనుకూలంగా ఉన్నవాళ్లయినా పెద్ద కష్టం వస్తే కుంగిపోవచ్చు. కాబట్టి ‘నీకు గుండె నిబ్బరం లేదు’ అని ఎవరినీ అనకూడదు. అదే సమయంలో, మొగ్గు ఎక్కువుండి, పెద్ద కష్టం కూడా వచ్చిపడిన నూరుగురిలో 85 మంది ఆ నెలలో జబ్బు పడలేదు. కాబట్టి ‘నా రక్తంలోనే ఉంది, ఇంతే నా రాత’ అని చేతులెత్తేయనక్కర్లేదు.

విత్తు ఒకటి వేస్తే చెట్టు ఒకటి మొలుస్తుందా అంటారు. మొలవదు. కానీ ఆ చెట్టు గాలివానకి ఒరుగుతుందా, నిలుస్తుందా అన్నది నేలని బట్టి, పాతిన ఊతకర్రని బట్టి కూడా ఉంటుంది. స్వీడన్‌లో 2020లో వచ్చిన ఒక అధ్యయనం దీన్నే పరీక్షించింది. డిప్రెషన్ ఉన్న తల్లికో తండ్రికో పుట్టిన తోబుట్టువుల్లో ఒకరు కన్నవారి ఇంట్లో పెరిగారు, ఇంకొకరు దత్తత వెళ్లారు. దత్తత ఇచ్చే ముందు అక్కడ ఇంటి పరిస్థితులు బాగా విచారిస్తారు. ఆ ఇళ్లలో పెరిగిన తోబుట్టువులకి డిప్రెషన్ ముప్పు 23 శాతం తక్కువగా ఉంది. అయితే దత్తత తీసుకున్న ఇంట్లో కూడా తల్లికో తండ్రికో డిప్రెషన్ ఉన్నా, చిన్నతనంలోనే చావో విడాకులో ఆ ఇంటిని చెదరగొట్టినా ఆ మేలు మాయమైంది. రక్తం ఒక్కటే అయినా, ఇల్లు మారితే ముప్పు మారింది.

పరీక్షతో ముందే తెలుసుకోవచ్చా?

ఉమ్మి పంపితే మీ డీఎన్ఏ చదివి మానసిక జబ్బుల ముప్పు చెబుతామనే ప్రకటనలు ఇప్పుడు ఫోన్‌లో కనబడుతున్నాయి. నా సలహా, డబ్బు దాచుకోండి. ఆ వందల తేడాలన్నీ కలిపి ఒక స్కోరు వేయొచ్చు. కానీ 2025 నాటి అతిపెద్ద అధ్యయనంలోని స్కోరు కూడా యూరప్ మూలాలున్నవాళ్లలో ముప్పు తేడాల్లో 6 శాతం లోపే వివరించగలిగింది. ఇతర మూలాలవాళ్లలో అది ఇంకా బలహీనం.

ఎందుకంటే ఇప్పటిదాకా చదివిన డీఎన్ఏలో ఎక్కువ భాగం యూరప్ సంతతిదే. తెలుగువాళ్ల డీఎన్ఏ అసలే లేదని కాదు. 2015లో ముగిసిన ‘వెయ్యి జీనోముల ప్రాజెక్టు’లో లోకం నలుమూలల నుంచి ఎంచుకున్న 26 జనసమూహాల్లో బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువాళ్లది ఒకటి. సుమారు వందమంది తమ రక్తాన్ని ఇచ్చి మన భాషాసమూహాన్ని ఆ పటంలో నిలబెట్టారు. సీసీఎంబీ కూడా భాగస్వామిగా ఉన్న ‘జీనోమ్ ఇండియా’ దేశం నలుమూలల నుంచి దాదాపు 10 వేలమంది జీనోములు, అంటే మొత్తం డీఎన్ఏ, చదివి, 2025 జనవరిలో ఆ సమాచారాన్ని పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చింది. కానీ డిప్రెషన్ లాంటి జబ్బు మర్మం తెలియాలంటే వేలు చాలవు, లక్షలు కావాలని పైన చూశాం. మనవాళ్లలో రోగులు ముందుకు వచ్చి, మనవాళ్ల వివరాలతో అలాంటి అధ్యయనాలు జరిగేదాకా వేరే జనాల కొలబద్దతో మనల్ని కొలుచుకోవడం న్యాయం కాదు.

ఇప్పటికి అన్ని పరీక్షల కన్నా పనికొచ్చేది కుటుంబ చరిత్రే. దాన్ని డాక్టరు దగ్గర దాచకూడదు. ముఖ్యంగా దగ్గరి బంధువుల్లో ఎవరైనా ఒకప్పుడు బాగా కుంగిపోయి, మరొకప్పుడు నిద్ర లేకుండా, అలుపు లేకుండా, పట్టరాని ఉత్సాహంతో తిరిగి ఉంటే తప్పక చెప్పాలి. అది బైపోలార్ జబ్బు కావచ్చు. ఆ మొగ్గు ఉన్నవాళ్లకి మామూలు డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే ఒక్కోసారి కథ అడ్డం తిరుగుతుంది. తల్లికి డిప్రెషన్ ఉన్న అమ్మాయికి కాన్పు అయితే, బిడ్డతో పాటు బాలింత మనసు ఎలా ఉందో కూడా ఇంట్లోవాళ్లు కనిపెట్టుకుని ఉండాలి. ఎవరితో చెప్పుకోవాలో తెలియనివాళ్లకి కేంద్ర ప్రభుత్వపు టెలి మానస్ 14416 నంబరు ఉంది. డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మళ్లీ ఆ తల్లి దగ్గరికి

‘నా పిల్లలకూ వస్తుందా’ అని అడిగిన తల్లికి చెప్పాల్సిన మాట ఇంకొకటి మిగిలింది.

అమెరికాలో మర్నా వైస్‌మన్ బృందం 2006లో 151 మంది తల్లుల్ని, వాళ్ల పిల్లల్ని గమనించి ఫలితాలు ప్రకటించింది. తల్లులందరికీ డిప్రెషన్ ఉంది, అందరికీ చికిత్స మొదలైంది. పిల్లల వయసు 7 నుంచి 17 ఏళ్లు. 3 నెలల తర్వాత చూస్తే, జబ్బు నయమైన తల్లుల పిల్లల్లో మానసిక సమస్యలు 11 శాతం తగ్గాయి. నయం కాని తల్లుల పిల్లల్లో 8 శాతం పెరిగాయి. ఆ పిల్లలకి ఈ అధ్యయనంలో ఎవరూ మందు ఇవ్వలేదు.

ఆ 3 నెలల్లో తల్లుల జన్యువులు మారలేదు. పిల్లల జన్యువులూ మారలేదు. అమ్మ నిద్రపోగలిగింది, లేచి పిల్లలతో మాట్లాడగలిగింది.

పిల్లలకి మనం ఇచ్చే జన్యువుల్ని ఏరి ఇవ్వలేం. వాళ్లు పెరిగే ఇంటిని మాత్రం బాగుచేసి ఇవ్వగలం. ఆ పని తన వైద్యంతోనే మొదలవుతుందని తెలిసిన తల్లి, అలాగే తండ్రి, ఇక దాక్కోనక్కర్లేదు. చీరల మడతల్లోంచి ఆ షీటు బయటికి తీసి, మంచినీళ్ల గ్లాసు పక్కన పెట్టుకుని, బీపీ మాత్ర వేసుకున్నట్టే పిల్లల ఎదుటే వేసుకోవచ్చు. ఏమిటమ్మా అది అని వాళ్లడిగితే, ఉన్నమాట చెప్పొచ్చు.